నెత్తురు కొలవడం నేర్పిన కాలేజీ

బిడ్డ బయటపడుతుంది. ఏడుస్తుంది. గదిలో ఉన్నవాళ్లందరి చూపూ బిడ్డ మీదికి మళ్లుతుంది. తల్లికి అసలు గండం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళుతూ ఉంటుంది. మాయ ఊడి వచ్చాక, అది అంటుకుని ఉన్న చోట రక్తనాళాల నోళ్లు తెరుచుకునే ఉంటాయి. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా ఐదారు లీటర్లు. ఆ లెక్కన కాన్పయిన పావుగంటలోపే ప్రాణం పోవాలి. కోట్ల కాన్పుల్లో అలా జరగడం లేదంటే, అది గర్భసంచి గోడలోని కండరాల అల్లిక చలవ. ఆ పోగులు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పెనవేసుకుని ఉంటాయి. రక్తనాళాలు వాటి సందుల్లోంచే సాగుతాయి. కాన్పవగానే గర్భసంచి ముడుచుకుని గట్టిపడుతుంది. పోగులన్నీ దగ్గరికొచ్చి, మధ్యలో ఉన్న నాళాలను ఉచ్చు బిగించినట్టు బిగించేస్తాయి. రక్తం గడ్డకట్టి నాళాలు మూసుకోవడం ఆ తర్వాతి సంగతి. మొదటి కాపలా కండరానిదే.

ఆ కండరం అలసిపోయి మెత్తగా ఉండిపోతే రక్తం ఆగదు. కాన్పు తర్వాత వచ్చే అధిక రక్తస్రావాల్లో సుమారు 70 శాతం ఇలాంటివే. నొప్పులు గంటల తరబడి సాగినా, కడుపులో కవలలున్నా, ఉమ్మనీరు ఎక్కువైనా ఈ ప్రమాదం పెరుగుతుంది. కానీ చాలామందిలో ముందు ఏ సూచనా ఉండదు. తొమ్మిది నెలలూ పరీక్షలన్నీ బాగున్న అమ్మాయికీ రావచ్చు. అందుకే ఎవరికి వస్తుందో ముందే పసిగట్టి వాళ్లను మాత్రం పెద్దాసుపత్రికి పంపితే చాలనుకోవడం కుదరదు. ప్రతి కాన్పు దగ్గరా ఈ సంగతి తెలిసిన మనిషి ఉండాలి. అందులోనూ మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ వాటా 52 శాతం, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇంకొంచెం ఎక్కువే. ఒంట్లో నెత్తురే తక్కువగా ఉన్న మనిషి, మరొకరు తట్టుకోగలిగిన నష్టాన్ని తట్టుకోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో గర్భం, కాన్పులకు సంబంధించిన కారణాలతో సుమారు 2,60,000 మంది స్త్రీలు చనిపోయారు. రోజుకు ఏడు వందలకు పైగా. వారిలో 92 శాతం పేద, దిగువ మధ్యాదాయ దేశాలవారు. కారణాల్లో మొదటిది రక్తస్రావం. దీనికి చేయాల్సిన పనులేమీ కొత్తవి కావు. పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచిని మర్దించడం, దాన్ని బిగించే ఆక్సిటోసిన్ మందు ఇవ్వడం, సెలైన్ ఎక్కించడం, చిరుగులున్నాయేమో చూడడం ఎప్పటినుంచో తెలిసినవే. రక్తం గడ్డను కరిగిపోనివ్వని ట్రానెక్సామిక్ ఆసిడ్‌ను 21 దేశాల్లో 20,060 మంది స్త్రీల మీద పరీక్షించి, మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో వచ్చే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని 2017లో తేల్చారు. ఖరీదైన మందేమీ కాదది.

మందుందని తెలుసు. మరి తల్లులెందుకు పోతున్నారు? పక్కన ఉన్న మనిషి ప్రమాదాన్ని సమయానికి గుర్తించలేదు గనక. గుర్తించినా ఏం చేయాలో చేతికి అలవాటు కాలేదు గనక. చాలాచోట్ల అసలు ఆ మనిషే లేరు గనక. ఈ మూడూ చివరికి చదువు దగ్గరికే వస్తాయి. డాక్టర్లనూ నర్సులనూ ఎక్కడ కూర్చోబెట్టి చదివిస్తున్నాం, ఎవరిని చదివిస్తున్నాం, చదివాక వాళ్లెక్కడ ఉంటున్నారు? విశ్వవిద్యాలయ విద్యను ఆధునికం చేయడమంటే స్మార్ట్ బోర్డులు, కొత్త భవనాలు అనుకుంటున్న రోజుల్లో, ఆ మాటకు వేరే అర్థం చెప్పిన మూడు చోట్ల గురించి ఇక్కడ చెప్పుకుందాం. ఒకటి మన పొరుగునే ఉంది.

బెళగావి

కర్ణాటక వాయవ్య మూలన బెళగావిలో జవహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ 1963లో మొదలైంది. మహానగరపు కాలేజీ కాదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో అక్కడి అధ్యాపకులు బి.ఎస్. కొడ్కణి, శివప్రసాద్ గౌడర్, అమెరికాలోని మిస్సోరి–కాన్సస్ సిటీ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ డెర్మన్ కలిసి ఒక ప్రశ్న పట్టుకున్నారు. పల్లెలో, ఇంట్లోనో సబ్‌సెంటర్‌లోనో ఏఎన్ఎం కాన్పు చేస్తున్నప్పుడు రక్తస్రావాన్ని ఆపే మార్గమేమిటి?

ఆక్సిటోసిన్ అక్కడ పనికొచ్చేది కాదు. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాలి. సూది ఉండాలి, ఇచ్చే చెయ్యి ఉండాలి. మైసోప్రోస్టాల్ అలా కాదు, మాత్ర. ఎండకు అంత తేలిగ్గా చెడదు, నోట్లో వేసుకుంటే చాలు. గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని తెలుసు. పల్లెలో నిజంగా పనిచేస్తుందా అన్నది తేలాలి.

తేల్చాలంటే ముందు రక్తం ఎంత పోయిందో కొలవాలి. ఇక్కడే అసలు చిక్కు. అప్పటిదాకా అందరూ కంటితో చూసి అంచనా వేసేవాళ్లు. రక్తం చీరలో ఇంకుతుంది, చాప కిందికి జారుతుంది, ఉమ్మనీటితో కలుస్తుంది, కొంత మట్టినేల పీల్చేసుకుంటుంది. ఎంతటి అనుభవజ్ఞులైనా కంటి అంచనాలో తప్పుతారు, అదీ తక్కువ వైపుకే. ఈ బృందం అందుకొక సాధనం తయారుచేసింది. ప్లాస్టిక్ షీటు, దాని చివర గరాటు ఆకారంలో సంచి, సంచి మీద మిల్లీలీటర్ల గీతలు. బిడ్డ పుట్టగానే షీటును తల్లి నడుము కింద పరిచి, తాళ్లు నడుముకు కట్టేస్తారు. పోయిన ప్రతి చుక్కా జారి సంచిలో చేరుతుంది. గీత చూసి లెక్క చెప్పొచ్చు. ఆసుపత్రి భాషలో దీన్ని డ్రేప్ అంటారు. కంటి అంచనానూ డ్రేప్ కొలతనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కంటితో చెప్పింది 33 శాతం తక్కువగా తేలింది. అంటే నిజంగా 600 మిల్లీలీటర్లు పోయిన చోట నాలుగొందలే అనుకుని ఊరుకుంటారు. 500 దాటితే ప్రమాదం అన్నది అందరూ చదువుకున్న పాఠం. ఆ ప్రమాదపు గీత ఎప్పుడు దాటిందో కంటికి తెలియదు.

కొలత చేతికొచ్చాక అసలు పరీక్ష సాగింది. బెళగావి జిల్లాలో నాలుగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని పల్లెల్లో, 2002 నుంచి 2005 వరకు 1,620 మంది స్త్రీలు పాల్గొన్నారు. సగం మందికి 600 మైక్రోగ్రాముల మైసోప్రోస్టాల్, మిగతా సగానికి మందు లేని మాత్ర. ఏది ఎవరికి ఇచ్చారో తల్లికీ తెలియదు, కాన్పు చేసిన ఏఎన్ఎంకూ తెలియదు. మాత్రలిచ్చిందీ, డ్రేప్ కట్టిందీ, గీత చూసి రాసిందీ 25 మంది ఏఎన్ఎంలు. మందు లేని మాత్ర వేసుకున్నవారిలో 12 శాతం మందికి అధిక రక్తస్రావమైతే, మైసోప్రోస్టాల్ వేసుకున్నవారిలో అది 6.4 శాతానికి తగ్గింది. లీటరు దాటిన తీవ్ర రక్తస్రావం 1.2 శాతం నుంచి 0.2 శాతానికి పడిపోయింది. ప్రతి 18 మందికి మాత్ర ఇస్తే ఒకరికి రక్తస్రావం తప్పుతుంది. 2006లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను అచ్చేసింది. ఐదేళ్లకు, 2011లో, రక్తస్రావ నివారణ కోసం మైసోప్రోస్టాల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది ఆ 25 మంది. వైద్య పరిశోధన అంటే తెల్లకోట్లు, మైక్రోస్కోపులు అనుకునే మనకు, సబ్‌సెంటర్‌లో రిజిస్టరు రాసుకునే ఏఎన్ఎం ప్రపంచ స్థాయి ప్రయోగానికి చెయ్యీ కన్నూ అయిందంటే కొత్తగానే ఉంటుంది. కాలేజీ ఆమెకు కొలవడం నేర్పింది. ఆమె తెచ్చిన లెక్కలతో కాలేజీ ప్రపంచానికి వైద్యం నేర్పింది. ఆ అలవాటు అక్కడితో ఆగలేదు. సాధారణ కాన్పు కోసం వచ్చిన తల్లులకు ఒక్క డోసు అజిత్రోమైసిన్ ఇస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా అని ఏడు దేశాల్లో 29 వేల మందికి పైగా స్త్రీలతో చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. తల్లికి సెప్సిస్ (ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్) రావడం లేదా తల్లి మరణించడం 2.4 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. అందులోనూ బెళగావి ఉంది, నాగపూర్ ఉంది.

గీతలు గీసిన సంచి ఎంత చేయగలదు

డ్రేప్ సంగతి ఇంకా ఉంది. కాన్పయిన ప్రతి తల్లికీ అలాంటి కొలత సంచి కట్టి, గీత దాటగానే చికిత్సంతా ఒకేసారి మొదలుపెడితే ఏమవుతుంది? కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు ఈ ప్రశ్నకు జవాబు వెతికాయి. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నాయకత్వం వహించిన ఈ పరీక్ష పేరు ఈ–మోటివ్. 2,10,132 కాన్పులు లెక్కలోకి వచ్చాయి. ఫలితాలు 2023 మేలో వెలువడ్డాయి.

అంతకు ముందు పద్ధతి వరసగా నడిచేది. ముందు మర్దన చేసి చూడడం, ఆగకపోతే ఆక్సిటోసిన్, అదీ కాకపోతే ఇంకొకటి. మెట్టుమెట్టుకీ కొన్ని నిమిషాలు పోతాయి. ఆ నిమిషాలే ప్రాణాలు. కొన్ని ఆసుపత్రుల్లో తెచ్చిన కొత్త పద్ధతిలో 500 మిల్లీలీటర్లు దాటినా, 300 దాటి నాడి, రక్తపోటుల్లో తేడా కనిపించినా వెంటనే మర్దన, గర్భసంచిని బిగించే మందు, ట్రానెక్సామిక్ ఆసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ కలిపి మొదలవ్వాలి. మిగతా ఆసుపత్రుల్లో పాత పద్ధతే సాగింది. అక్కడా రక్తాన్ని సంచిలోనే పట్టారు, కానీ ఆ సంచి మీద గీతల్లేవు.

తేడా చూడండి. పాత పద్ధతిలో, జరిగిన అధిక రక్తస్రావాల్లో 51 శాతాన్ని మాత్రమే సిబ్బంది గుర్తించగలిగారు. గీతలున్న చోట 93 శాతం దొరికాయి. చికిత్స మొత్తం అందినవారు పాత పద్ధతిలో 19 శాతం, కొత్తలో 91 శాతం. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట తెరిచే ఆపరేషన్, రక్తస్రావంతో మరణం — ఈ మూడింటినీ కలిపి చూస్తే 4.3 శాతం నుంచి 1.6 శాతానికి దిగాయి. ఇందులో ఎక్కువ భాగం తీవ్ర రక్తస్రావం తగ్గడం వల్ల వచ్చిందేనన్న మాట కూడా చెప్పుకోవాలి.

కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త యంత్రం కొనలేదు. ఉన్న సిబ్బందికే కళ్ల ముందు గీత చూపించి, గీత దాటితే ఏం చేయాలో చేతులతో అభ్యాసం చేయించారు. ఇది చదువులో వచ్చిన మార్పు. రక్తస్రావపు నాలుగు కారణాలను పరీక్షలో వరసగా రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, లేబర్ రూములో మొదటిసారి నెత్తురు ధారగా కారడం చూసి కొయ్యబారిపోవచ్చు. రాయడం వేరు, చేయడం వేరు. మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికను సామర్థ్యాల ఆధారంగా మార్చి, ప్రతి కాలేజీలో బొమ్మల మీద అభ్యాసం చేయడానికి స్కిల్ ల్యాబ్ ఉండాలన్నారు. సరైన అడుగే. ల్యాబ్ తాళం తనిఖీ రోజున మాత్రమే తెరిస్తే మాత్రం దాని వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

ఘనా: డాక్టరు ఊళ్లోనే ఉండాలంటే

ఇక మనిషి లేకపోవడం అన్న కష్టం. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దీన్ని చాలాకాలం అనుభవించింది. 1957లో స్వతంత్రమైన ఆ దేశం 1960ల్లోనే రాజధాని అక్రాలోని కోర్లె బు ఆసుపత్రి ఆవరణలో మెడికల్ కాలేజీ పెట్టుకుంది. ఎంబీబీఎస్‌కు సమానమైన చదువు దేశంలోనే దొరికింది. స్పెషలిస్టు కావాలంటే మాత్రం బ్రిటన్ వెళ్లాలి. ప్రసూతి వైద్యం నేర్చుకోవడానికి పంపినవాళ్లలో అత్యధికులు తిరిగి రాలేదు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ స్పెషలిస్టు చదువు సాగే ఐదారేళ్లు ఎలాంటివో ఆలోచించండి. పెళ్లి, పిల్లలు, స్నేహాలు, గురువులు, మొదటి ఉద్యోగం అన్నీ ఆ వయసులోనే. ఆ ఐదేళ్లు ఎక్కడ గడిస్తే మనిషి అక్కడే వేళ్లూనుకుంటాడు. ఊరి నుంచి విమానమెక్కిన పిల్లల కోసం ఎదురుచూసే తెలుగు ఇళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

1989లో ఘనా దారి మార్చింది. అక్రాలో, కుమాసిలో ఉన్న రెండు విశ్వవిద్యాలయాల్లోనే ప్రసూతి, స్త్రీ వైద్యంలో పీజీ శిక్షణ మొదలుపెట్టారు. డబ్బు కార్నెగీ సంస్థ ఇచ్చింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం, అమెరికా, బ్రిటన్ దేశాల ప్రసూతి వైద్య సంఘాలు తోడయ్యాయి. పట్టా మాత్రం పశ్చిమ ఆఫ్రికా శస్త్రవైద్యుల కళాశాల పరీక్ష ద్వారా. ఇందులో తెలివంతా ఇక్కడే ఉంది. విదేశీ గురువులు అక్రాకు వచ్చారు, విద్యార్థులు విదేశానికి వెళ్లిపోలేదు. బయట చూసి రావడానికి కొన్ని నెలలు అవకాశమిచ్చినా, చదువు, రోగులు, పరీక్ష అన్నీ ఘనావే. అంతే ముఖ్యమైన ఇంకో సంగతి, పీజీలతో కొన్ని నెలల పాటు రాజధానికి దూరంగా, జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయించారు. ఆసుపత్రి నిర్వహణ కూడా పాఠంలో చేర్చారు. జిల్లా ఆసుపత్రిలో ప్రసూతి నిపుణుడంటే కత్తి పట్టేవాడే కాదు, రక్తం నిల్వలు, జనరేటరు, నర్సుల డ్యూటీలు అన్నీ చూసుకోవాల్సినవాడు.

2007లో అచ్చయిన లెక్క ప్రకారం, అప్పటికి ఈ శిక్షణ పూర్తిచేసిన 38 మందిలో 37 మంది ఘనాలోనే పనిచేస్తున్నారు. ఎందుకు ఉండిపోయారని అడిగితే, దేశంలోనే విశ్వవిద్యాలయ శిక్షణ, దానికి తగ్గ పట్టా దొరకడమే పెద్ద కారణమన్నారు. అదే కాలంలో ఘనాలో సాధారణ డాక్టర్లు, నర్సులు పెద్ద సంఖ్యలో వలస పోతూనే ఉన్నారని గుర్తుంచుకుంటే ఈ 37 విలువ తెలుస్తుంది.  చదువు చోటు మార్చారు. తర్వాత ఈ నమూనా ఆఫ్రికాలోని ఇతర దేశాలకూ పాకింది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలోని సెయింట్ పాల్స్ కాలేజీ మిషిగన్‌తోనే కలిసి పీజీ శిక్షణ మొదలుపెట్టింది.

అయితే ఘనాలో తల్లుల మరణాలు ఇంకా ఎక్కువే. 2017 జాతీయ సర్వేలో లక్ష సజీవ జననాలకు 310. నిపుణులు పెరగడంతోనే అంతా సరిపోదు. రోడ్లు, రక్తం, మందులు, ఆడపిల్ల చదువు అన్నీ కలిస్తేనే ఆ అంకె దిగుతుంది. కానీ నిపుణుడే దేశంలో లేకపోతే మిగతా వాటి గురించి పోరాడేవాళ్లూ ఉండరు.

మొజాంబిక్ ఇంకా తెగించింది. 1975లో స్వాతంత్ర్యం రాగానే పోర్చుగీసు డాక్టర్లలో ఎక్కువమంది వెళ్లిపోయారు. ఆ వెంటే అంతర్యుద్ధం. సిజేరియన్ చేసే చెయ్యి లేక తల్లులు చనిపోతుంటే, 1984లో డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందిని ఎంచుకుని మూడేళ్ల శస్త్రచికిత్స శిక్షణ మొదలుపెట్టారు. రెండేళ్లు రాజధాని మపూటోలో, ఒక ఏడాది రాష్ట్ర స్థాయి ఆసుపత్రిలో. సహజంగానే అనుమానాలొచ్చాయి. వీళ్లు చేసిన సిజేరియన్లనూ స్పెషలిస్టులు చేసినవాటినీ, మొత్తం 2,071, పక్కపక్కన పెట్టి పోల్చి 1996లో ప్రచురించారు. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2002 నాటికి జిల్లా ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద ప్రసూతి ఆపరేషన్లలో 92 శాతం చేసింది వీళ్లే. జిల్లాకు పోస్టింగ్ ఇచ్చిన ఏడేళ్ల తర్వాత చూస్తే, వీళ్లలో 88 శాతం అక్కడే ఉన్నారు, డాక్టర్లలో ఒక్కరూ లేరు. ఆ పద్ధతిని మన దగ్గర దింపేయమని నేననను. మన పరిస్థితి వేరు, ఇక్కడ డాక్టర్ల కొరత అంతటిది కాదు. కానీ పట్టా కంటే నేర్చిన చెయ్యి, ఆ చెయ్యి ఉన్న చోటు ముఖ్యమని ఆ దేశం రుజువు చేసింది.

మన సంగతి

తెలుగు నేల చాలా దూరం వచ్చింది. 2001–03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశ సగటు 97. ఆశా కార్యకర్తలు, 108 వాహనం, ఆసుపత్రి కాన్పులు ఈ మార్పులో భాగం. కానీ అదే లెక్కలో కేరళ 19. అంటే మన తల్లుల మరణాల్లో సగానికి పైగా ఇంకా తప్పించగలిగినవే. కేరళ 2004 నుంచి ఒక పని చేస్తోంది. ప్రసూతి వైద్యుల సంఘం చొరవతో ప్రతి తల్లి మరణాన్నీ పేర్లు లేకుండా, ఎవరినీ నిందించకుండా విశ్లేషించి, ఎక్కడ ఏమి తప్పిందో డాక్టర్లందరికీ పాఠంగా చెబుతున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952లో మొదలైన పద్ధతి ఇది. మనకూ మరణ సమీక్షలున్నాయి, కమిటీలున్నాయి. అవి తరగతి గదిలోకి రావాలి.

మనకున్న ఇంకో చిక్కు దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశ సగటు 21.5. అవసరమైన ఆపరేషన్ ప్రాణం పోస్తుంది. అవసరం లేనిది రక్తనష్టాన్నీ ఇన్ఫెక్షన్‌నూ పెంచుతుంది, వచ్చే కాన్పులో మాయ పాత కోత మీద పాతుకుపోయే ప్రమాదం తెస్తుంది. అప్పుడు కారే నెత్తురును ఆపడం గొప్ప సర్జన్లకూ కష్టమే. దీనికి మందు కూడా చదువులోనే ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. నొప్పులు పడుతున్న తల్లి పక్కనే ఓపిగ్గా ఉండి, నడిపించి, ధైర్యం చెప్పి, తేడా వస్తే క్షణంలో డాక్టర్‌ను పిలవగలిగిన మనిషిని తయారుచేయడం ఈ చదువు లక్ష్యం. మంత్రసానుల కాలం పోయాక మన లేబర్ రూముల్లో ఖాళీ అయిన చోటు అదే. ఆ శిక్షణ పొందినవాళ్లను వార్డు డ్యూటీలకూ లెక్కల పనులకూ మళ్లించకుండా లేబర్ రూములోనే ఉంచితే ఆ పెట్టుబడి పండుతుంది.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల చేతిలో బెళగావికి గానీ కుమాసికి గానీ ఒకప్పుడు లేనంత అవకాశం ఉంది. 2014లో తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అయిదు. 2024 నాటికి 34. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కొత్త కాలేజీలు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది మన్యంలోని పాడేరులోనూ తరగతులు మొదలయ్యాయి. కొత్త కాలేజీ అనగానే మన చర్చంతా సీట్లు, కటాఫ్ ర్యాంకులు, ఫీజుల చుట్టూనే తిరుగుతుంది. అధ్యాపకుల కొరత గురించి అప్పుడప్పుడు మాట్లాడతాం. ఆ కాలేజీ తన చుట్టూ ఉన్న వంద ఊళ్లకు ఏమివ్వాలో అడిగేవాళ్లు తక్కువ. పాడేరు కొండల్లో డోలీలో దిగే గర్భిణికి, ఆసిఫాబాద్ గూడేల్లో రక్తహీనతతో తొమ్మిదో నెలకు చేరిన అమ్మాయికి ఆ కాలేజీ గేటు మీది అక్షరాలతో పనిలేదు. అక్కడి లేబర్ రూములో రాత్రి రెండింటికి ఎవరున్నారన్నదే ఆమెకు కావాలి.

పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలని జాతీయ నిబంధన ఇప్పటికే ఉంది. జిల్లా రెసిడెన్సీ అంటారు. ఘనా చేసినదానికి ఇది దగ్గరి చుట్టం. ఆ మూడు నెలలను హాజరు పట్టీలో టిక్కుగా కాకుండా, గురువు పక్కనుండి నేర్పే శిక్షణగా మార్చడం, కొత్త కాలేజీల్లోనే ప్రసూతి, మత్తు, పిల్లల వైద్యాల్లో పీజీ సీట్లు తెచ్చి, చుట్టుపక్కల జిల్లాల పిల్లలకు అవి అందేలా చూడడం, ఏఎన్ఎంలనూ నర్సులనూ పరిశోధనలో భాగస్వాముల్ని చేయడం కొత్త చట్టాలు అడగవు. బెళగావిని నడిపించింది డబ్బొక్కటే కాదు. ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నను పల్లె దాకా మోసుకెళ్లిన గురువులున్నారు.

మీ జిల్లాలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంటే, మీ పిల్లలో మీ ఇంటి పక్కవాళ్లో అందులో చదువుతుంటే, ఈసారి కలిసినప్పుడు మూడు మాటలు అడగండి. పోయినేడు మన జిల్లాలో ఎంతమంది తల్లులు కాన్పులో పోయారు? ఏ కారణంతో పోయారు? ఆ మరణాల గురించి మీ తరగతిలో ఎన్ని గంటలు మాట్లాడారు? జవాబు లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడగండి, ఎమ్మెల్యేను అడగండి. ఆ కాలేజీ కట్టింది మన డబ్బుతోనే.